కర్నూలు బాడుగలు: 3,500 దగ్గర గీసిన గీత

హైకోర్టు బెంచ్ మాట లేచిన ప్రతిసారీ కర్నూలులో దాని వెంటే బాడుగల మాట లేస్తుంది. 2020లో న్యాయ రాజధాని అన్నప్పుడు ఇదే మాట. 2021లో లోకాయుక్త, మానవ హక్కుల కమిషన్ కార్యాలయాలు ఇక్కడికి వచ్చినప్పుడూ ఇదే. 2024 నవంబరులో బెంచ్ కోసం అసెంబ్లీ తీర్మానం చేశాక మళ్లీ మొదలైంది. బెంచ్ ఇంకా రాలేదు, దాని పేరు చెప్పి పెంచే బాడుగ మాత్రం ముందే వస్తుంది. "వచ్చే నెల నుంచి పెంచాలమ్మా, కుదరకపోతే వేరే ఇల్లు చూసుకోండి" అని ఓనరు అంటే, ఆ బాడుగ న్యాయమైనదేనా అని తేల్చే పాత చట్టం అండ ఆ ఇల్లాలికి ఇప్పుడు లేదు. ఒకప్పుడు ఉండేది. అది ఎట్లా పోయిందో చెప్పుకోవాలి.

కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడిక, ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలుకు వచ్చిన వైనం, పోయిన వైనం అందరికీ తెలిసినవే. ఆ కాలం నుంచి ఇక్కడ అవసరమైన సంగతి ఒక్కటే. 1953లో ఉద్యోగులు ఒక్కసారిగా వచ్చిపడితే ఊళ్లో ఇళ్లు చాల్లేదు. గుడారాలు వేశారు, క్వార్టర్లు కట్టారు. ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లు ఆనాటివే. అప్పుడు చేతిలో 1949 నాటి మద్రాసు అద్దె చట్టం ఉంది. ఇల్లు ఖాళీ అయితే యజమాని సర్కారుకు తెలపాలి, కావాలంటే సర్కారే దాన్ని తీసుకుని ఉద్యోగికి ఇవ్వొచ్చు. రాజధాని వచ్చిందని బాడుగలను వాటి మానాన వదిలెయ్యలేదు.

తర్వాత వచ్చిన 1960 ఆంధ్రప్రదేశ్ చట్టం ఆ ఏర్పాటును అట్లే ఉంచింది. న్యాయమైన బాడుగ ఎంతో రెంట్ కంట్రోలర్ అనే అధికారి తేల్చాలి. అడ్వాన్సు ఒక నెల బాడుగకు మించకూడదు. కట్టిన డబ్బుకు రసీదు ఇవ్వాలి. చట్టంలో చెప్పిన కారణం చూపకుండా ఖాళీ చేయించకూడదు. ఇందులో లోపం లేదని కాదు. న్యాయమైన బాడుగ లెక్కకు 1944 ఏప్రిల్‌కు ముందు పన్నెండు నెలల ధరలను ఆధారం చేసుకున్నారు. అది దశాబ్దాల పాటు యజమానులకు అన్యాయమే చేసింది.

ఆ లెక్కను సరిచేసి ఉంటే సరిపోయేది. సరిచేయకుండా ఇళ్లనే చట్టం బయటికి నెడుతూ పోయారు. 1983లో నెలకు 1,000 రూపాయలు దాటిన ఇళ్లకు మినహాయింపు ఇచ్చారు. అసలు మలుపు 2005 సవరణ. కార్పొరేషన్లలో నెలకు 3,500, మిగతా చోట్ల 2,000 దాటితే చట్టం వర్తించదన్నారు. కట్టి 15 ఏళ్లు కాని భవనాలను కూడా తప్పించారు. కర్నూలు 1994లోనే కార్పొరేషన్ అయింది కాబట్టి మనకు 3,500 గీత. అప్పట్లో ఆ బాడుగంటే మంచి ఇల్లే, అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కానీ ధరలతో పాటు ఆ గీత జరిగే ఏర్పాటు పెట్టలేదు. కల్లూరు వైపు, నంద్యాల చెక్‌పోస్టు వైపు ఊరు పెరిగిందంతా కొత్త ఇళ్లతోనే. ఊరు ఎటు పెరిగితే అటు బాడుగదారు చట్టం బయటే పడ్డాడు.

2017లో రాష్ట్రం 1960 చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం బాడుగంటే ఇద్దరూ రాసుకున్న ఒప్పందంలో ఉన్న మొత్తం. ఇద్దరూ సమానంగా కూర్చుని రాసుకుంటే బాగుండును. ఇక్కడ నడిచేది పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలన్న లెక్కతో పదకొండు దగ్గర ఆపుతారు. చిన్న పోర్షన్లకు అదీ ఉండదు, నోటిమాటే.

ఇంకో చిన్న మార్పును చాలామంది గమనించలేదు. ఇంటిపన్నును మొదట వార్షిక అద్దె విలువ మీద వేసేవాళ్లు. ఆ లెక్క పాతదే అయినా, ఏ వీధిలో బాడుగ ఎంతో మున్సిపాలిటీ పుస్తకంలో ఉండేది. 2020లో చట్టం మార్చి ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు మీద పన్ను వేయడం మొదలుపెట్టారు. అప్పటి నుంచి పన్ను వేయడానికి బాడుగ లెక్కతో పనే లేకుండా పోయింది.

ఆ పన్ను వల్లే పెంచుతున్నామని ఓనర్లు అంటారు. బ్యాంకు వాయిదాలు, రిపేర్లు కూడా చూపిస్తారు. పన్ను భారం నిజమే. అయితే పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెరగకుండా వాళ్లకు ఒక పరిమితి పెట్టారు. అట్లాంటి పరిమితి బాడుగకు లేదు.

"పేదలకు ఇళ్లు కట్టిస్తున్నాం కదా" అన్నది ప్రభుత్వాల జవాబు. ఎవరు ఉన్నా అదే జవాబు. 2015లో వచ్చిన కేంద్ర ఇళ్ల పథకం పీఎంఏవై కానీ, జగన్నాథగట్టు మీద లేచిన టిడ్కో (సర్కారు అపార్ట్‌మెంటు) ఇళ్లు కానీ, 2020 డిసెంబరు నుంచి పంచిన సెంటు స్థలాలు కానీ, అన్నీ సొంతింటి పథకాలే. టిడ్కోలో 300 చదరపు అడుగుల ఇల్లు రూపాయికే అన్నారు. 365 అడుగుల ఇంటికి 25,000 కట్టి 3.15 లక్షల బ్యాంకు అప్పు, 430 అడుగులకు 50,000 కట్టి 3.65 లక్షల అప్పు. పని పాతబస్తీలో, ఇల్లు ఊరి బయట గుట్ట మీద. నాలుగిళ్లలో పాచిపని చేసే మనిషి తెల్లవారకముందే ఆటోకు ఎంత పెట్టాలి? అందుకే ఇల్లు మంజూరైనా ఊళ్లోనే బాడుగకు ఉంటే, అటు వాయిదా, ఇటు బాడుగ మీద పడతాయి. అట్లాంటి వాళ్లను ఇచ్చిన ఇంట్లో ఉండట్లేదని నిలదీసే ముందు ఆ దూరం లెక్క వేయాలి.

బాడుగ ఇళ్ల పథకం దేశంలో లేకపోలేదు. 2020లో వలస కూలీలు నడిచిపోవడం చూశాక కేంద్రం ఒకటి ప్రకటించింది. సర్కారు సొమ్ముతో కట్టి ఖాళీగా పడున్న ఇళ్లను నెలబాడుగకు ఇవ్వడం అందులో ఒక దారి. చండీగఢ్‌లో, సూరత్‌లో ఇచ్చారు కూడా. 2024లో వచ్చిన పీఎంఏవై రెండో దశలోనూ బాడుగ ఇళ్లకు ఒక భాగం ఉంది. 2015 నాటి అద్దె ఇళ్ల విధానం ముసాయిదాలో పేదలకు అద్దె వోచర్ల మాట కనిపిస్తుంది. అది ముసాయిదాగానే ఆగింది. కర్నూలులో ఇంటి బాడుగకని నెలనెలా సర్కారు సొమ్ము అందేది ఉద్యోగికే, హెచ్‌ఆర్‌ఏ రూపంలో.

బెంచ్ వస్తే జడ్జీలకు బంగళాలు, సిబ్బందికి క్వార్టర్లు చూస్తారు. వకీళ్లు ఎట్లాగో సర్దుకుంటారు. కోర్టు ముందు జెరాక్స్ షాపులో పనిచేసే పిల్లవాడికి, టీ అమ్మే ఆయనకు, వకీలు దగ్గర గుమాస్తాకు కూడా ఆ చుట్టుపక్కల ఒక గది కావాలి. వాళ్లు అడిగేది పెద్దదేమీ కాదు: బాడుగకు రసీదు, ఏడాదికి ఇంతకు మించి పెంచకూడదన్న ఒక లెక్క, జగన్నాథగట్టు మీద ఖాళీగా ఉన్న ఇళ్లు నెలబాడుగకు, అక్కడి నుంచి ఊళ్లోకి పొద్దున్నే ఒక బస్సు.