జన సంగతి రక్తం చెబుతుంది

పర్లాకిమిడి చేపల బజారులో వానలు మొదలయ్యాక బేరం కంటే ముందు వచ్చే ప్రశ్న, "జన ఉందా?" జన అంటే చేప కడుపులోని గుడ్లు. అమ్మే ఆమె బొచ్చె పొట్టను బొటనవేలితో నొక్కి చూసి, "నిండుగా ఉందమ్మా, పట్టుకెళ్లు" అంటుంది. ఒక్కోసారి ఇంటికొచ్చి కోస్తే కొవ్వు తప్ప ఏమీ ఉండదు. కూరకైతే ఆ పూటతో సరి. తల్లిచేపల్ని మేపి, వాటి చేత గుడ్లు పెట్టించి పిల్లల్ని అమ్ముకునే రైతు ఇలా మోసపోతే సీజనంతా పోయినట్టే.

1957 జులై 10న మన ఒడిశాలోనే, అంగుల్‌లో, హీరాలాల్ చౌధురి బృందం పీయూష గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి మన బెడిస (బొచ్చె లాంటి కార్ప్ జాతి) చేపల చేత గుడ్లు పెట్టించింది. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఆ రోజునే జరుపుకుంటాం. అయితే సూదిమందు పనిచేయాలంటే అప్పటికే గుడ్డులో సొన నిండి ఉండాలి.

ఆ సొన సరుకు తయారయ్యేది అండాశయంలో కాదు, కాలేయంలో! నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది ఇదే. మాఘం వెళ్లి పగళ్లు పెరిగి నీరు వేడెక్కేకొద్దీ మెదడు నుంచి పీయూష గ్రంథికి, అక్కణ్ణుంచి అండాశయానికి కబురు వెళ్తుంది. అండాశయం ఈస్ట్రడయోల్ హార్మోన్ వదులుతుంది. అది అందగానే కాలేయం విటెల్లోజెనిన్ అనే పెద్ద ప్రోటీన్‌ని తయారుచేస్తుంది. కొవ్వునీ భాస్వరాన్నీ కాల్షియాన్నీ మోసుకుంటూ ఆ ప్రోటీన్ రక్తంలో ప్రయాణించి, గుడ్లలోకి చేరాక ముక్కలై సొనగా మారుతుంది. పుట్టిన పిల్ల సొంతంగా మేత అందుకునేదాకా దానికి సద్దిమూట అదే.

దారిలో రక్తమే ఉంది కాబట్టి జన సంగతి తెలుసుకోడానికి చేపను కోయక్కర్లేదు. తోక దగ్గర కాస్త రక్తం తీసి, వెంటనే ఐసులో పెట్టాలి. లేకపోతే ప్రోటీన్ విరిగిపోతుంది. తర్వాత ఎలైజా పరీక్ష చేస్తారు, డెంగీకి చేసేలాంటిదే. వచ్చిన రంగును బట్టి ఎంత ప్రోటీన్ ఉందో లెక్క కడతారు. ఒక జాతి చేప కోసం చేసిన యాంటీబాడీ (పరీక్షలో ఆ ప్రోటీన్‌ని పట్టుకునే పదార్థం) ఇంకో జాతికి సరిగ్గా అతకకపోవచ్చు. ఎలైజా లేని రోజుల్లో రక్తంలోని ప్రోటీన్‌కి అంటుకున్న భాస్వరాన్ని కొలిచి అంచనా వేసేవారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అంకె ఎక్కువ వచ్చిందని మర్నాడే సూది వేయకూడదు. సొన ఇంకా చేరుతోందనే దానర్థం. గుడ్లు నిండాక ఈ ప్రోటీన్ రక్తంలో తగ్గిపోతుంది. తక్కువ వస్తే పని మొదలుకాలేదో, ముగిసిందో ఒక్క రీడింగుతో తేలదు. కొన్ని వారాల తేడాతో మళ్లీ మళ్లీ చూడాలి. చివర్లో సన్నని గొట్టంతో నాలుగు గుడ్లు తీసి కూడా పరీక్షించాలి.

మగ చేపలోనూ ఈ ప్రోటీన్‌ని తయారుచేయించే జన్యువు ఉంటుంది, మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. ఆడ హార్మోన్ లాంటివి నీళ్లలో కలిస్తే మేలుకుంటుంది. బ్రిటన్‌లో మురుగునీటి శుద్ధి కేంద్రాల దిగువన బోనుల్లో పెట్టిన ట్రౌట్ చేపల్లో, మగవాటి రక్తంలో కూడా ఈ ప్రోటీన్ బాగా పెరిగిందని 1994లో వెలువడిన పరిశోధన చూపించింది. మనుషుల ఒంటి నుంచి వెళ్లే హార్మోన్లూ, గర్భనిరోధక మాత్రల్లోని మందూ అలా నీళ్లలోకి చేరతాయి. మా ఊరి పక్కన పారే మహేంద్రతనయలోని మగ చేపలకూ ఎవరైనా ఈ పరీక్ష చేయాలని నా కోరిక.