పందికి వేసే టీకా: బద్దెపురుగుల వెంట మార్షల్ లైటోలర్స్

పంది మాంసం ఏనాడూ ముట్టనివారికి కూడా పందుల్లో ఉండే బద్దెపురుగు వల్ల మూర్ఛ రావచ్చునంటే చాలామంది నమ్మరు. సరిగా ఉడకని పంది మాంసంలోని తిత్తులను, అంటే పిల్ల పురుగులుండే చిన్న సంచులను, తిన్న మనిషి పేగులో టీనియా సోలియం అనే ఈ పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంతో బయటపడిన గుడ్లు నీటి ద్వారానో, పచ్చి కూరగాయల ద్వారానో, కడగని చేతుల ద్వారానో ఇంకొకరి కడుపులోకి చేరితే, వాటిలోని పిండాలు రక్తంలో కలిసి మెదడుకు వెళ్లి అక్కడ తిత్తులుగా స్థిరపడతాయి. ఈ పురుగు వ్యాపించి ఉన్న ప్రాంతాల్లో మూర్ఛ రోగుల్లో సుమారు 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన ఊళ్లలో ఫిట్స్‌తో వచ్చినవారి మెదడు స్కాన్‌లో ఈ తిత్తులు కనబడటం న్యూరాలజిస్టులకు కొత్త కాదు.

మలంతో కలుషితమైన చోట్ల మేసే పందికి కూడా ఆ గుడ్ల వల్లనే కండరాల నిండా తిత్తులు ఏర్పడతాయి. పందిలో తిత్తులు లేకపోతే మనిషి పేగులో పురుగు ఉండదు, పురుగు లేకపోతే గుడ్లూ ఉండవు. అందుకే పందికే టీకా వేయాలన్న ఆలోచనను ఆచరణ దాకా నడిపించినవారిలో ముఖ్యుడు ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త మార్షల్ లైటోలర్స్.

ఆయన కృషికి తొలి ఫలితం దక్కింది మాత్రం గొర్రెల్లో. కుక్కల నుంచి గొర్రెలకు సోకే టీనియా ఓవిస్ అనే మరో బద్దెపురుగు మనుషులకు హాని చేయదు. కానీ మాంసంలో తిత్తులు కనబడితే విదేశీ కొనుగోలుదారులు తిప్పికొడతారు కనుక న్యూజిలాండ్‌కు అది వ్యాపార సమస్య. మెల్‌బోర్న్, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు కలిసి, పురుగు ప్రోటీన్ ఒకదాని జన్యువును బాక్టీరియాలో ప్రవేశపెట్టి, ఆ బాక్టీరియా తయారుచేసిన ప్రోటీన్‌నే టీకాగా వాడి గొర్రెలను కాపాడగలిగారు. ఈ ఫలితం 1989లో నేచర్ పత్రికలో వెలువడింది. పరాన్నజీవులపై జన్యు సాంకేతికతతో అంత చక్కగా పనిచేసిన టీకా అంతకుముందు లేదు. అయినా అది మార్కెట్లోకి రాలేదు. ప్రయోగశాలలో గెలిచిన టీకా రైతు దొడ్డి దాకా చేరాలంటే విజ్ఞానం ఒక్కటే చాలదన్న సంగతి అప్పుడే బయటపడింది.

అసలు కిటుకు గుడ్డులో ఉంది. మిల్లీమీటరులో ఇరవై అయిదో వంతుకు మించని ఆ గుడ్డులో ఆరు కొక్కేలున్న పిండం ఉంటుంది. గుడ్డు పెంకు పేగులో జీర్ణమవగానే ఆ పిండం మేల్కొని, పేగు గోడను తొలుచుకుని రక్తంలో పడుతుంది. కండరంలో చేరి తిత్తిగా మారాక దానిని శరీర రక్షణ వ్యవస్థ ఏమీ చేయలేదు. అంతకుముందు, ఆ కొద్ది రోజుల ప్రయాణంలో మాత్రం అది నిస్సహాయం. ఆ దశలోనే పిండం తయారుచేసే ప్రోటీన్లను ఎంచుకుని, వాటిపై ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ముందే సిద్ధంగా ఉండేలా చేయడమే లైటోలర్స్ బృందం మార్గం. మనుషుల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో పెద్ద పెద్ద నీటి తిత్తులకు కారణమయ్యే హైడాటిడ్ పురుగుపై గొర్రెల కోసం వారు రూపొందించిన ఈజీ95 టీకా, 1996లో ప్రచురించిన ప్రయోగాల్లో 96 నుంచి 98 శాతం రక్షణనిచ్చింది.

పందుల కోసం అదే దారిలో టీఎస్ఓఎల్18 అనే టీకా వచ్చింది. అయితే టీకా కొత్తగా వచ్చే పిండాలనే చంపుతుంది గాని, అప్పటికే కండరంలో ఉన్న తిత్తులను తాకదు. వాటికోసం ఆక్స్‌ఫెండజోల్ అనే పాత నట్టల మందును జతచేశారు. ఆఫ్రికాలోని కామెరూన్‌లో పల్లె రైతుల పందులపై జరిపి 2010లో ప్రచురించిన ప్రయోగంలో, టీకా వేయని పందుల్లో దాదాపు అయిదింట ఒకదానిలో బతికున్న తిత్తులు కనబడగా, టీకా, మందు రెండూ అందిన పందుల్లో ఒక్కదానిలోనూ కనబడలేదు. క్షేత్రస్థాయిలో ఇంత శుభ్రమైన ఫలితం రావడం నా దృష్టిలో ప్రయోగశాల విజయం కన్నా పెద్ద విషయం.

ఆ తరువాతి కథలో హైదరాబాద్ ఉంది. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థకు చెందిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్, పేద రైతుల పశువులకు టీకాలు, మందులు అందేలా పనిచేసే ఎడిన్‌బరోలోని గాల్వ్‌మెడ్ సంస్థ తోడ్పాటుతో ఈ టీకాను ఈస్ట్ కణాల్లో తయారుచేసి సిస్‌వ్యాక్స్ పేరుతో తెచ్చింది. నేపాల్‌లోని బాంకే జిల్లాలో మూడు నెలలకోసారి టీకానూ మందునూ కలిపి ఇచ్చి, పందుల్లో పురుగు వ్యాప్తిని ఆపవచ్చునని 2019లో చూపించారు.

చిక్కల్లా ఖర్చు దగ్గరే. తిత్తులున్న పంది జబ్బు పడినట్టు కనబడదు, మామూలుగానే మేస్తుంది, బరువు పెరుగుతుంది. దాన్ని పెంచేది నాలుగు పందులే ఆధారంగా బతికే పేద కుటుంబం. డబ్బు పెట్టి టీకా వేయించినా వారికి ఒక్క రూపాయి ఎక్కువ రాదు. మూర్ఛ తప్పేది ఎక్కడో ఎవరికో. అలాంటప్పుడు రైతును తప్పుపట్టి లాభం లేదు. మన దేశంలో గాలికుంటు టీకాను పశువులకు ప్రభుత్వమే ఉచితంగా వేయిస్తోంది, ఆ కార్యక్రమంలో పందులు కూడా ఉన్నాయి. పురుగు బెడద ఉన్న జిల్లాల్లో అదే సిబ్బంది చేత పందులకు ఈ టీకానూ, నట్టల మందునూ ఇప్పించే ఏర్పాటును పశుసంవర్ధక శాఖలు పరిశీలించాలి.