సర్కారు ఉత్తరాలు చదివే పిల్లలకు

అరండల్‌పేట, గుంటూరు

పిల్లలూ,

మన్యం తిరుగుబాటు నాటి ప్రభుత్వ ఉత్తరాల్లో అల్లూరి సీతారామరాజును బందిపోటులా చూపించారని మీకు కోపం వచ్చిందట. రావలసిందే. అయినా ఆ కాగితాలను పక్కన పడేయకండి. అవి మన కోసం రాసినవి కావు, పై అధికారి మెప్పు కోసమో ఆయన చీవాట్లు తప్పించుకోవడానికో రాసినవి. అది తెలిసి చదివితే వాటిలో నిజం బాగానే దొరుకుతుంది.

అవి నడిచే దారి చూడండి. ఏజెన్సీ కొండలకు 1839 నాటి చట్టం కింద జిల్లా కలెక్టరే ప్రభుత్వ ఏజెంటు, ఆయనకు ప్రత్యేక అధికారాలు ఉండేవి. కింది ఉద్యోగి రాసింది ఆయనకు, ఆయన రాసింది మద్రాసుకు చేరేది. మద్రాసు నుంచి పదిహేను రోజులకొక నివేదిక ఢిల్లీలోని హోం శాఖకు వెళ్లేది. అవసరమైతే అక్కడి నుంచి లండన్‌కు. మెట్టు మెట్టుకూ ఉత్తరం కురచ అవుతూ పోతుంది. గూడెం కొండల్లో రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వని డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, 1882 అడవి చట్టం వచ్చాక పోడు (అడవి కొట్టి కాల్చి చేసే కొండ సేద్యం) చేసుకోలేక ఆకలితో ఉన్న గిరిజనుడు ఆ దారిలో ఎక్కడో జారిపోతారు. పైకి చేరేది శాంతిభద్రతల సమస్య ఒక్కటే. అందుకే నేనైతే పై ఉత్తరాల కంటే కింది ఉత్తరాలే ముందు చదువుతాను.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద రాజు దళం దాడి చేసింది. మూడుచోట్లా కలిపి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు దొరికాయి. తీసుకున్నవాటి వివరం రాసి, సంతకం పెట్టి మరీ వెళ్లాడు ఆయన. తరువాత కొన్ని దాడులకు ముందే కబురు పంపాడు. బాణానికి మిరపకాయలతో పాటు కట్టి పంపే ఆ ఉత్తరాన్నే జనం మిరపకాయ టపా అంటారు. కొండల్లో దాక్కున్న మనిషి సంతకం పెట్టి బాహాటంగా రాస్తుంటే, సింహాసనం మీదున్న సర్కారు తన ఉత్తరాల మీద ‘రహస్యం’ అని ముద్ర వేసుకుంది!

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో రాజు దళం చేతిలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మలబారు స్పెషల్ పోలీసులు వచ్చారు, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. కొద్దిమంది దొంగలే అయితే ఇంత దూరం నుంచి ఇంత బలగం ఎందుకో, ఆ ఉత్తరాలను మీరే అడగండి.

ఇక మన జిల్లా సంగతి. 1924 ఏప్రిల్‌లో మన్యానికి స్పెషల్ కమిషనర్‌గా వచ్చిన రూథర్‌ఫర్డ్ అంతకు ముందు మన గుంటూరు కలెక్టరే. 1921-22లో పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం) రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో శిస్తు కట్టేది లేదని భీష్మించినప్పుడు కుర్చీలో ఉన్నది ఆయనే. అక్కడ తుపాకీ మోగకుండానే ఒక చిత్రం జరిగింది. ఊళ్లలో కరణాలు, మునసబులు చాలామంది రాజీనామాలు ఇచ్చేశారు. ఎవరి చేను ఎంత, ఎవరు ఎంత బాకీ అని రాసిపెట్టే చేతులే ఆగిపోతే కలెక్టరు మద్రాసుకు ఏం రాస్తాడు? దొరల గొలుసు అంతా ఊరి కరణం కలం మీద వేలాడుతోందని ఆ కొన్ని వారాల్లో అందరికీ తెలిసింది. మన్యం పోరాటం అంత పేరు దీనికి రాలేదు గానీ, నా లెక్కలో ఇదీ తక్కువది కాదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు స్టేషన్ తగలబెట్టి పోలీసులను చంపిన తరువాత గాంధీజీ సహాయ నిరాకరణ ఆపమనడంతో ఇది కూడా ఆగింది.

1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును చంపారు. పారిపోబోతుంటే కాల్చామని సర్కారు రాసింది, చెట్టుకు కట్టి కాల్చారని జనం చెప్పుకున్నారు. రెండూ మీ ముందు పెట్టుకుని, ఏది చెబితే ఎవరికి లాభమో ఆలోచించండి.

రాజు అనుచరుడు గాం గంటందొర ఆ జూన్‌లోనే కాల్పుల్లో పోయాడు. ఆయన తమ్ముడు మల్లుదొరకు శిక్ష పడి అండమాన్ పంపారు. ఆ మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. మీ పాఠంలో ఆయన పేరు లేకపోతే మీ మాస్టారిని అడగండి.

మీ తాతయ్య