ల్యాప్‌టాప్ స్టార్ట్ కావడం లేదా? ఫార్మాట్ కొట్టించే ముందు కొన్ని అపోహలు - వాస్తవాలు

ల్యాప్‌టాప్ మొరాయిస్తే అనంతపురంలో అయినా కడపలో అయినా ముందు వినిపించే మాటలు రెండే: "బోర్డు పోయింది", "ఫార్మాట్ కొట్టేస్తే సరి". ఆ రెండింటి కంటే ముందు తేలాల్సింది అది ఎక్కడ ఆగుతోందనేది. కంపెనీ లోగో రాకముందా, లోగో దగ్గరా, విండోస్ చుక్కలు తిరిగేటప్పుడా?

అపోహ: లైటు వెలిగి, ఫ్యాను తిరిగి, తెర నల్లగా ఉంటే బోర్డు పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు తప్పు ర్యామ్ (బోర్డు మీద స్లాట్‌లో బిగించే మెమరీ పట్టీ) కాంటాక్టుది. చార్జర్ తీయండి, వెనక మూత విప్పి బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టండి. లోపల మిగిలిన చార్జి పోతుంది. ఒక్కోసారి ఇంతటితోనే లేస్తుంది. లేవకపోతే ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక క్లిప్పులు టక్కుమనేదాకా నొక్కండి. ర్యామ్‌లు రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి, స్లాట్ కూడా మార్చి చూడాలి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) అయితే ర్యామ్ మార్చిన మొదటిసారి తెర కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయకండి.

క్యాప్స్‌లాక్ లైటు మినుకుతోందా? ఎన్నిసార్లో లెక్కపెట్టండి. దాని అర్థం కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది, సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. తెర మీద టార్చి ఏటవాలుగా వేసినప్పుడు బొమ్మ మసగ్గా కనిపిస్తే పోయింది వెనక వెలుతురు మాత్రమే. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపితే అక్కడ బొమ్మ వస్తే లోపం తెర వైపేనని తెలుస్తుంది.

అపోహ: పిన్ను పడితే ఏ చార్జరైనా ఒకటే.

వాస్తవం: వోల్టేజీ సరిగ్గా సరిపోవాలి, వాట్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కు 45 వాట్లది పెడితే నెమ్మదించవచ్చు, బ్యాటరీ ఎక్కకపోవచ్చు. టైప్-సీ అయితే చాలా ల్యాప్‌టాప్‌లు 20 వోల్టులు అడుగుతాయి. 5, 9 వోల్టుల ఫోన్ చార్జర్‌తో ఖాళీ బ్యాటరీ లేవదు.

అపోహ: మే ఎండకు వేడెక్కి స్టార్ట్ కావడం లేదు.

వాస్తవం: వేడి వల్ల సాధారణంగా నడుస్తూ నడుస్తూ ఆగుతుంది. చల్లగా ఉన్నప్పుడూ లేవకపోతే కారణం వేరే. పది నిమిషాలకు ఆగిపోతుంటే ఫ్యాను, దుమ్ము, థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పూత) చూడాలి. తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గర వాడేవాళ్లకు ఈ పని తరచుగా పడుతుంది. పరుపు మీద పెట్టి వాడటం కన్నా కడప బండ మీద పెట్టడం వంద రెట్లు మేలు.

అపోహ: సీమాస్ సెల్ (బోర్డు మీద గడియారాన్ని నడిపే చిన్న బిళ్ల బ్యాటరీ) పోతే ల్యాప్‌టాప్ చచ్చినట్టే.

వాస్తవం: చాలా మోడళ్లలో ఉండేది 3 వోల్టుల 2032 సెల్. అది అయిపోతే తేదీ వెనక్కి పోతుంది. అసలు చిక్కు వేరే: బయోస్ (విండోస్ కంటే ముందు లేచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికి రావచ్చు. బూట్ మోడ్ మారితే బూట్ డిస్క్ దొరకలేదంటుంది, డిస్క్ కంట్రోలర్ మోడ్ మారితే విండోస్ నీలి తెర దగ్గర ఆగుతుంది. పాత సెట్టింగ్ పెడితే లేస్తుంది. ఇలాంటిదానికి ఫార్మాట్ కొట్టడం దండగ.

అపోహ: ఫార్మాట్‌తో సమస్యలన్నీ పోతాయి.

వాస్తవం: మీ ఫైళ్లయితే కచ్చితంగా పోతాయి! బయోస్‌లో డిస్కే కనిపించకపోతే ఫార్మాట్ కొట్టేది దేన్ని? ముందు దాన్ని తీసి మళ్లీ బిగించాలి, లేదా వేరే మెషీన్‌లో పెట్టి చూడాలి. కనిపిస్తే విండోస్ 10, 11లో చుక్కలు తిరిగేటప్పుడు పవర్ బటన్ నొక్కి పట్టి మూడుసార్లు ఆపితే రిపేర్ తెర వస్తుంది. అక్కడ స్టార్టప్ రిపేర్, కొత్త అప్‌డేట్ తీసేయడం, సేఫ్ మోడ్ (కనీస డ్రైవర్లతో విండోస్ లేపడం) ఈ వరుసలో ప్రయత్నించండి. హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమంటుంటే మాత్రం ఇవేవీ వద్దు. చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికే విండోస్ టూల్) అసలే వద్దు, చావబోయే డిస్క్‌ను అది ఇంకా అరగదీస్తుంది. ముందు డేటా కాపీ చేయించండి.

బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) ఉంటే బయోస్ మార్చినా, బోర్డు మార్చినా 48 అంకెల కీ అడగవచ్చు. సాధారణంగా అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. షాపులో ఇచ్చే ముందే వెతికి రాసుకోండి, అది లేకుండా ఆ డిస్క్‌లోని ఫైళ్లను ఏ మెకానిక్కూ తెరవలేడు.

అపోహ: నీళ్లు పడితే బియ్యంలో పెట్టాలి.

వాస్తవం: వద్దు. వెంటనే ఆపి, చార్జర్, బ్యాటరీ తీసి బోర్లా ఉంచండి. పడింది టీ అయితే చక్కెర బోర్డుకు అంటుకుంటుంది. ఎండబెడితే అది పోదు, విప్పి కడిగించాల్సిందే.