హిమాలయాల కంటే ముందే పుట్టిన గ్రానైట్లు

హిమాలయాల వయసెంత అంటే సుమారు 5 కోట్ల ఏళ్లని చెబుతాం. భారత ఫలకం ఆసియాను ఢీకొన్న కాలమది. హిమాచల్ ప్రదేశ్‌లోని మండి గ్రానైట్‌కు మాత్రం దాదాపు 50 కోట్ల ఏళ్లు! సట్లెజ్ లోయలోని వాంగ్టూ నైస్ (వేడికి, ఒత్తిడికి రూపు మారిన రాయి) అయితే సుమారు 185 కోట్ల ఏళ్ల కిందట గ్రానైట్‌గా గడ్డకట్టింది. కొండ పుట్టిన కాలం వేరు, కొండలోని రాయి పుట్టిన కాలం వేరు.

ఈ లెక్క చెప్పేది జిర్కాన్ అనే చిన్న ఖనిజం. స్ఫటికంగా ఏర్పడేటప్పుడు అది యురేనియాన్ని తనలో చేర్చుకుంటుంది, సీసాన్ని దాదాపుగా చేర్చుకోదు. కాబట్టి ఇప్పుడు అందులో కనిపించే సీసమంతా ఇంచుమించు యురేనియం క్షీణించగా వచ్చిందే. యురేనియం-238 సగం కావడానికి 447 కోట్ల ఏళ్లు, యురేనియం-235కు 70 కోట్ల ఏళ్లు. ఒకే గింజలో రెండు గడియారాలున్నట్టు. రెండూ ఒకే వయసు చూపిస్తే నమ్మవచ్చు. తేడా వస్తే సీసం కొంత బయటికి పోయిందేమోనని అనుమానించాలి.

అభ్రకంతో లెక్కగడితే కథ మారుతుంది. ఇక్కడ గడియారం, అభ్రకంలోని పొటాషియం క్షీణించగా వచ్చే ఆర్గాన్ వాయువు. 300, 400 డిగ్రీల వేడికే అభ్రకం ఆ ఆర్గాన్‌ను వదిలేస్తుంది. అందుకే 50 కోట్ల ఏళ్ల రాయిలోని అభ్రకం రెండు, మూడు కోట్ల ఏళ్లే చూపించవచ్చు. అది తప్పు లెక్కేం కాదు. రాయి చివరిసారి చల్లారిన కాలమది.

అసలు ‘హిమాలయ గ్రానైట్’ అని ఊరికే అంటే ఏమీ చెప్పినట్టు కాదు. లడఖ్ గ్రానైట్లలో ఎక్కువ భాగం ఢీకొనడానికి ముందువి. అప్పట్లో భారత్, ఆసియాల మధ్య ఉన్న టెథిస్ సముద్రపు నేల ఆసియా కిందికి కుంగినప్పుడు పుట్టాయి. నేపాల్‌లోని మనాస్లు గ్రానైట్ సుమారు 2 కోట్ల ఏళ్లది. ఫలకాలు ఢీకొనడం వల్ల మందమెక్కిన భూపటలంలో పాత అవక్షేపాలే కరిగి అదయింది. స్ట్రాన్షియం 87, 86 ఐసోటోపుల (ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణువుల) నిష్పత్తి దీనికి సాక్ష్యం. పాత భూపటలపు రాళ్లలో అది ఎక్కువ: ప్రావారం (భూపటలం కింది పొర) నుంచి వచ్చే శిలాద్రవంలో అది 0.704 దగ్గర ఉంటే, మనాస్లులో 0.74 దాటుతుంది. ఇలాంటి రాళ్లలోని జిర్కాన్ గింజల్లో పైపొర కొత్తది, నడిగర్భం కరిగిపోకుండా మిగిలిన పాతది. మొత్తం గింజను కరిగించి కొలిస్తే రెండూ కలిసిపోయి అర్థంలేని వయసొకటి వస్తుంది. అందుకే అయాన్ పుంజంతో గింజలో ఒక్కో చుక్కను విడిగా కొలుస్తారు.

ఇక మండి గ్రానైట్ లాంటి ఆ 50 కోట్ల ఏళ్లవి. పాకిస్తాన్‌లోని మాన్సెహ్రా నుంచి నేపాల్‌లోని పాలుంగ్ దాకా ఇవి వరుసగా కనిపిస్తాయి. అప్పట్లో ఇదంతా గోండ్వానా అనే ప్రాచీన మహాఖండపు ఉత్తరపు అంచు. అక్కడ భూపటలం ఎందుకు కరిగిందన్నది ఇంకా తేలలేదు: సముద్రపు నేల కిందికి కుంగడం వల్లనని కొందరు, చిన్న భూఖండాలేవో వచ్చి తగలడం వల్లనని కొందరు. ఆ అంచు నుంచి విడిపోయిన ల్హాసా, చియాంగ్‌తాంగ్ భూఖండాలు (ఇప్పటి టిబెట్ భాగాలు) తర్వాత ఉత్తరానికి జరిగి ఆసియాకు అతుక్కున్నాయి. కాబట్టి ఆధారాల కోసం టిబెట్ రాళ్లను కూడా తవ్వి చూడాల్సిందే.