బిళ్లలో జీపీఎస్ ఉండదు: బ్లూటూత్ ట్యాగ్‌లపై అపోహలు - వాస్తవాలు

తిరుపతి గాంధీ రోడ్డుకు ఆనుకొని ఉన్న ఒక సందులో పదకొండేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నాను. మొదట్లో నా బల్ల ముందుకు పగిలిన డిస్‌ప్లేలు, ఉబ్బిన బ్యాటరీలు మాత్రమే వచ్చేవి. ఇప్పుడు వాటితో పాటు రోజుకు ఒకరిద్దరైనా అడిగే మాట ఒకటి వచ్చి చేరింది: "అన్నా, జీపీఎస్ బిళ్ల ఉందా? పిల్లోడి మెడలో వేయాల." నా దగ్గర ఉన్నది తాళాలు, సంచుల వంటివాటిని ఫోనుతో వెతుక్కోవడానికి తగిలించే బ్లూటూత్ ట్యాగ్ అని, అందులో జీపీఎస్ ఉండదని చెబితే, నా దగ్గర మంచి సరుకు లేదనుకొని వెళ్లిపోతారు. నాలుగు అడుగుల అవతల అదే బిళ్లను "జీపీఎస్ ట్రాకర్" అని ముద్రించిన అట్టపెట్టెలో పెట్టి అమ్ముతున్నారు కాబట్టి వారిని తప్పుపట్టలేను. అబద్ధం ముద్రించినవారి మీద మాత్రం నాకు కోపం ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే కనుక దీన్నే ముందు, కాస్త వివరంగా చెబుతాను. ఉపగ్రహాల సాయంతో తానున్న చోటు తెలుసుకునేది జీపీఎస్. ఈ ట్యాగ్‌కు తాను ఎక్కడున్నదీ తెలియదు. 2021లో ఆపిల్ తెచ్చిన ఎయిర్‌ట్యాగ్‌నే తీసుకోండి. 11 గ్రాముల బరువు, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న ఆ బిళ్లలో జీపీఎస్ లేదు, సిమ్ లేదు, నెట్‌తో నేరుగా మాట్లాడే ఏర్పాటూ లేదు. అది చేసే ముఖ్యమైన పని ఒక్కటే: కొద్ది క్షణాలకొకసారి బ్లూటూత్‌లో "నేను ఇక్కడ ఉన్నాను" అని సన్నగా పలుకుతుంది. దారిన పోయే ఎవరి ఫోనుకో ఆ పలుకు వినిపిస్తే, ఆ ఫోను తాను నిలుచున్న చోటును ఆ పలుకుకు జతచేసి, తాళం వేసిన కబురుగా నెట్ ద్వారా పంపుతుంది. ఆ కబురే మీ ఫోనులో చుక్కగా కనిపిస్తుంది. కబురు మోసిన వ్యక్తికి తాను మోసినట్లు కూడా తెలియదు. ఇంటి గోడల మధ్య ఆ పలుకు పది మీటర్లు దాటితే గొప్ప, ఆరుబయట ఇంకొంత దూరం పోతుంది. అంటే మ్యాప్ మీద మీరు చూసే చుక్క ట్యాగ్ ఉన్న చోటు కాదు. చివరిసారి దాని పలుకు విన్న ఫోను అప్పుడు ఉన్న చోటు.

ఆ "అప్పుడు" అన్న మాటలోనే ప్రమాదం ఉంది. రెండేళ్ల కిందట బ్రహ్మోత్సవాల రోజుల్లో మదనపల్లె వైపు నుంచి వచ్చిన ఒక ముప్పై ఏళ్ల అబ్బాయి చెమటతో తడిసిపోయి నా దుకాణంలోకి వచ్చి, ట్యాగ్ చెడిపోయిందని, వెంటనే బాగుచేయమని ఫోను నా చేతిలో పెట్టాడు. మతిమరుపు ఉన్న వాళ్లమ్మ నడుముకు కట్టుకున్న గుడ్డ సంచిలో ఆ ట్యాగ్ పెట్టి, ఇక భయం లేదనుకొని ఆమెను రద్దీలోకి తీసుకొచ్చారు. "ఆడ చూపిస్తా ఉండాది అన్నా, ఆడికి పోతే ఆమె లేదు" అన్నాడు. చుక్క రైల్వే స్టేషన్ ముందు ఉంది. దాని కింద, బొటనవేలు గోరంత చోటులో, బూడిద రంగు అక్షరాలతో "47 నిమిషాల క్రితం" అని ఉంది. ఆ అక్షరాలను అతను చూడలేదు. ఆ ముప్పావు గంటా ఇంటిల్లిపాదీ స్టేషన్ చుట్టూనే తిరుగుతున్నారు. చుక్క చూపిస్తోంది కదా అన్న ధైర్యంతో పోలీసులకు ఇంకా చెప్పనే లేదు. నేను 112కు ఫోన్ చేయించాను. చేసిన పావుగంటలోనే ఆమె ఆచూకీ తెలిసింది, ఎందుకంటే కొర్లగుంటలో ఒక ఇంటివారు తమ అరుగు మీద కూర్చున్న ముసలావిడకు మజ్జిగ ఇచ్చి, పేరు తప్ప ఇంకేమీ చెప్పలేకపోతున్నదని పోలీసులకు అప్పటికే తెలియజేసి ఉన్నారు. జతపరచడానికి ఇటువైపు నుంచి ఫిర్యాదు లేకపోవడమే అడ్డంకి. ఆ ఇంట్లో నాలుగు ఫోన్లు ఉన్నాయట. నాలుగూ ఆండ్రాయిడ్‌వి. ఆమె సంచిలో ఉన్న ఎయిర్‌ట్యాగ్ కబురు మోసేది ఆపిల్ పరికరాలు మాత్రమే.

ఆ అబ్బాయిని నేను ఒక్క మాట అనలేదు. కన్నతల్లి కనిపించనప్పుడు చిన్న అక్షరాలు ఎవరికి కనబడతాయి? కానీ అదే సంచి మీద ఇంకు పెన్నుతో ఒక ఫోన్ నంబరు రాసి ఉంటే, మజ్జిగ ఇచ్చిన ఇల్లాలే ఐదు నిమిషాల్లో ఫోన్ చేసి ఉండేది.

కొండమీద ఈ అపోహ మరింత ఖరీదైనది. పిల్లల మెడలో ట్యాగ్ వేసి తిరుమల క్యూలో నిశ్చింతగా నిలబడవచ్చని అనుకునేవారు ఒక సంగతి ఆలోచించాలి. దర్శనానికి వెళ్లే భక్తులు ఫోన్లను, ఇతర ఎలక్ట్రానిక్ వస్తువులను కౌంటర్లో అప్పగించాలి. కాబట్టి అసలు ఆ ట్యాగ్‌ను కూడా లోపలికి తీసుకెళ్లకూడదు. ఒకవేళ పొరపాటున వెళ్లినా, చుట్టూ వేలమంది ఉంటారు గానీ పలుకు వినే ఫోను ఒక్కటీ వారి చేతుల్లో ఉండదు, కబురు అందుకోవలసిన మీ ఫోను కూడా కౌంటర్లోనే ఉంటుంది. అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కే దారిలో ఫోన్లు ఉంటాయి గానీ, అడవి మలుపుల్లో సిగ్నల్ అందనప్పుడు విన్న కబురు ఆ ఫోనులోనే ఉండిపోయి, నెట్ దొరికాకే బయటికి పోతుంది. బిడ్డ మీద నిమిషనిమిషానికీ కన్ను ఉండాలంటే కావలసింది సిమ్‌తో పనిచేసే అసలైన జీపీఎస్ గడియారం. దానికి తరచూ చార్జింగ్ పెట్టాలి, రీచార్జి చేయించాలి, సిగ్నల్ లేని చోట అదీ మూగదే. అందుకే నా దుకాణానికి వచ్చే తల్లిదండ్రులకు మొదట చెప్పేది బిడ్డ చేతిమీద నంబరు రాయమని, తప్పిపోతే మ్యాప్ చూస్తూ కూర్చోకుండా 112కో, పిల్లల సహాయానికి ఉన్న 1098కో వెంటనే ఫోన్ చేయమని.

మరి ఇది దేనికీ పనికిరాదా అంటే, వస్తువులకు చక్కగా పనికివస్తుంది. కాలినడకన వెళ్లేవారి సామాను అలిపిరి నుంచి కొండమీదికి దేవస్థానం వారు ఉచితంగా చేరవేస్తారు. ఆ సంచిలో ఒక ట్యాగ్ పడేస్తే, అది పైకి చేరిందీ లేనిదీ మెట్ల మధ్యలో కూర్చొని చూసుకోవచ్చు. ఇంట్లో అయితే దీని విలువ ఇంకా ఎక్కువ. మా ఇంట్లో దుకాణం తాళాలు నెలకు రెండుసార్లైనా మాయమవుతాయి. ఒకసారి ఎంత నొక్కినా యాప్‌లో శబ్దం మోగలేదు, ట్యాగ్ దొరకడం లేదనే చూపించింది; వంటింట్లో స్టీలు బియ్యం డబ్బా పక్కకు వెళ్లి మూత తీసేసరికి లోపలి నుంచి కీచుమని మోగింది. చిన్నది ఆడుకుంటూ వేసేసింది. బ్లూటూత్‌కు ఇనుము, స్టీలు, నీళ్లు, మనిషి ఒళ్లు అడ్డుగోడలే. బైకు సీటు కింద ఇనుప పెట్టెలో ట్యాగ్ దాచి, కనిపించడం లేదని గొడవపడేవారికి నా జవాబు ఆ బియ్యం డబ్బానే.

కొనేటప్పుడు ఏ ఫోనుకు ఏ ట్యాగ్ అన్నది చూసుకోవాలి. ఎయిర్‌ట్యాగ్‌ను ఆండ్రాయిడ్ ఫోనుతో పెయిర్ చేయడం కుదరదు. సామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్ సామ్‌సంగ్ గెలాక్సీ ఫోన్లకే. మిగతా ఆండ్రాయిడ్ వారికి గూగుల్ 2024లో మొదలుపెట్టి ఆ తరువాతి ఏడాది ఫైండ్ హబ్ అని పేరు మార్చిన, ట్యాగ్ కబురు మోసే ఫోన్ల నెట్‌వర్క్ ఉంది, దానికి సరిపోయే ట్యాగ్‌లు జియోతో సహా కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. మన ఊళ్లలో ఆండ్రాయిడ్ ఫోన్లే ఎక్కువ కాబట్టి అదే మేలని తోస్తుంది గానీ, అందులో ఒక మెలిక ఉంది. ఎవరి గోప్యతకూ భంగం కలగకుండా, సెట్టింగ్ మార్చుకోని ఫోన్లు రద్దీ ప్రదేశాల్లో మాత్రమే, అంటే ఒకే ట్యాగ్‌ను పలు ఫోన్లు విన్నప్పుడే, చోటు చూపేలా గూగుల్ దాన్ని కట్టింది. బస్టాండులో పోయిన సంచి దొరుకుతుంది. పొలం గట్టు మీద పడిన తాళాల గుత్తి పక్కనుంచి ఒకే ఒక్క రైతు ఫోను పోతే చుక్క మారకపోవచ్చు. ఇక రెండు మూడు వందలకు దొరికే రంగురంగుల బిళ్లల్లో చాలావాటికి ఈ నెట్‌వర్కులేవీ ఉండవు. అవి మీ ఫోనుకు మాత్రమే, మీ గదిలో మాత్రమే వినిపిస్తాయి. నా ఉద్దేశంలో అవి ఆటబొమ్మలు.

దొంగను పట్టిస్తుందన్నది మరో భ్రమ. తనది కాని ట్యాగ్ తనతో పాటు ప్రయాణిస్తుంటే ఫోనే హెచ్చరించేలా ఆపిల్, గూగుల్ కలిసి 2024 మే నుంచి ఏర్పాటు చేశాయి. ఐఫోనులో ఐఓఎస్ 17.5 నుంచి, ఆండ్రాయిడ్‌లో 6.0 నుంచి అది పనిచేస్తుంది. యజమానికి దూరమైన ట్యాగ్ కొన్ని గంటల తరువాత దానంతట అదే మోగుతుంది కూడా. ఆడవాళ్ల సంచుల్లో రహస్యంగా ట్యాగ్ వేసి వెంటపడే దుర్మార్గుల నుంచి కాపాడడానికి పెట్టిన ఈ రక్షణ, మీ బైకు ఎత్తుకెళ్లిన వాడికీ అదే సమాచారం ఇస్తుంది. ఈ రెండింటిలో ఒకటే సాధ్యమైనప్పుడు తయారీదారులు మనిషి పక్షాన నిలిచారు, అది సరైన నిర్ణయమని నేను అనుకుంటాను.

ఇదే విషయం మీద వాట్సాప్‌లో తిరిగే పుకారు ఒకటుంది: సత్రాల దగ్గర నిలిపిన కార్లన్నిటికీ దొంగలు బిళ్లలు అతికిస్తున్నారని, ఫోనులో బ్లూటూత్ ఆపేస్తే తప్పించుకోవచ్చని. బ్లూటూత్ ఆపితే మీ వెంట ఉన్న ట్యాగ్ ఆగదు సరికదా, దాన్ని పసిగట్టవలసిన మీ ఫోనుకే చెవులు మూసినట్లవుతుంది. ఇలాంటివి పంపేవారితో వాదించే ఓపిక నాకు లేదు. కానీ నిజంగా హెచ్చరిక వచ్చి వణుకుతూ వచ్చిన ఒక కాలేజీ అమ్మాయితో గంటసేపు కూర్చున్నాను. హెచ్చరికను నొక్కి శబ్దం మోగించాము, సంచి లోపలి గుడ్డ మడతలో దొరికింది, ఫోను వెనుక ఆనిస్తే సీరియల్ నంబరు తెరుచుకుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, బ్యాటరీ తీసేసి, బిళ్లను పారేయకుండా పోలీసులకు ఇవ్వమన్నాను, ఎందుకంటే ఆ నంబరు ఎవరి ఖాతాకు ముడిపడి ఉందో వారు కంపెనీని అడిగి తెలుసుకోగలరు.

మిగిలినవి చిన్నవి. విమానంలో ట్యాగ్ నిషేధమన్నది నిజం కాదు. 2022లో ఒక విదేశీ విమానసంస్థ కొద్దిరోజులు తికమకపెట్టి వెనక్కి తగ్గింది, ఆ కబురే ఇంకా తిరుగుతోంది. ఎవరికో దారిలో దొరికిన ఎయిర్‌ట్యాగ్‌ను సెకండ్ హ్యాండ్‌గా కొనకండి, పాత యజమాని తన ఖాతా నుంచి తీసేస్తే తప్ప అది మీ ఫోనుతో పెయిర్ కాదు. చార్జింగ్ ఎక్కడ పెట్టాలని అడుగుతారు. చాలావాటికి చార్జింగ్ ఉండదు, సీఆర్ 2032 అనే రూపాయి నాణెమంత సెల్లు ఏడాది దాకా వస్తుంది.

సెల్లు మార్చాక ట్యాగ్ చచ్చిపోయిందని తెచ్చేవారి కోసం ఒక మాట. పిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు సెల్లు మీద చేదు పూత వేస్తాయి. ఆ పూత ఉన్న భాగం కొన్ని ట్యాగ్‌లలోని రేకుకు తగిలితే కరెంటు అందదు. ట్యాగ్ మంచిదే, పూత లేని సెల్లు వేస్తే మోగుతుంది. అయితే పసిపిల్లలున్న ఇంట్లో చేదు లేని సెల్లు వేసేటప్పుడు మూత గట్టిగా తిప్పి చూడండి, తీసిన పాత సెల్లుకు రెండువైపులా టేపు చుట్టి అందనంత ఎత్తులో పెట్టండి. ఖాళీ అయిన సెల్లు కూడా గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చగలదు. మింగినట్లు అనుమానం వస్తే, ఎక్స్‌రే తీసే సౌకర్యం ఉన్న ఆసుపత్రికి ఆ క్షణమే బయలుదేరాలి.