పాట చిన్నదైన వైనం, పెట్టె చిన్నదైన వైనం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఫోనులో వేల పాటలు ఎలా ఇముడుతున్నాయని, దాని అంచున ఉన్న సన్నని రంధ్రాల్లోంచి ఇంత సంగీతం ఎలా వస్తోందని అడిగారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీ చెవిలోనే ఉంది కనుక రెండింటినీ కలిపే చెబుతాను.

ముందు పాట సంగతి. 1982లో వచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతనూ 16 బిట్లలో (బిట్ అంటే ఒక సున్నా లేదా ఒకటి), కుడి ఎడమలకు విడివిడిగా రాస్తారు. గుణించి చూడండి, సెకనుకు 14,11,200 బిట్లు అవుతాయి. అంటే నిమిషం పాటకు పది మెగాబైట్ల పైచిలుకు. దీన్ని తగ్గించే పనిలో పడిన జర్మనీ ఇంజనీర్లు, వారిలో ముఖ్యుడైన కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, 1980ల నాటి నుంచీ పట్టుకు వేలాడిన ప్రశ్న ఒకటే: పాటలో ఉన్నదంతా చెవికి అందుతోందా?

అందడం లేదు. వాన హోరులో పక్కవాళ్ల గుసగుస వినిపించనట్టే, ఒక గట్టి స్వరం మోగుతున్నప్పుడు దానికి దగ్గరి శ్రుతిలో ఉన్న మెల్లని స్వరాలను చెవి పట్టుకోలేదు. గట్టి శబ్దం ఆగిన తరువాత కూడా సెకనులో పదో వంతు దాకా ఆ మరుగు కొంత మిగిలే ఉంటుంది. ఆ ఇంజనీర్ల కృషితో వచ్చిన ఎంపీ3 పద్ధతి ధ్వనిని శ్రుతిని బట్టి సన్నని పట్టీలుగా విడదీసి, ఏది దేన్ని మరుగుపరుస్తోందో క్షణక్షణం లెక్కకడుతుంది. వినిపించని శబ్దాలను కత్తిరించి పారేస్తుందని చాలామంది చెబుతారు కానీ అది సగం నిజమే. అసలు నేర్పు ఏమిటంటే, మరుగు ఉన్న చోట కొలతలను ముతకగా, తక్కువ బిట్లలో రాసి, ఆ ముతకదనం వల్ల పుట్టే రొదను గట్టి స్వరం చాటున దాచడం. అలా సెకనుకు 1,28,000 బిట్లతో, అంటే సీడీలో పదకొండో వంతుతో, పాట దాదాపు పాటలాగే వినిపిస్తుంది.

దాదాపు అన్నానంటే కారణం ఉంది. చిడతల మోత వంటి దాన్ని తీసుకోండి: నిశ్శబ్దం, వెంటనే టక్కుమని ఒక దెబ్బ. లెక్క ఒక్కో దెబ్బకు కాక కొన్ని మిల్లీసెకన్ల ముక్కకు జరుగుతుంది కనుక, దాచిన రొద ముక్కంతా పరుచుకుని, చాటు ఇచ్చే దెబ్బ ఇంకా పడకముందే బయటపడుతుంది. దెబ్బకు ముందే ఒక చిన్న గరగర వినిపిస్తుందన్నమాట. అటువంటి చోట ముక్కలను చిన్నవి చేయడమే దానికి విరుగుడు. తరువాతి పద్ధతులు, 1997 నాటి ఏఏసీ, 2012 నాటి ఓపస్, ఈ లెక్కను మరింత నాజూకు చేశాయి.

ఇక స్పీకరు సంగతి. ఇక్కడ పారేయడానికి ఏమీ లేదు, గాలిని నెట్టి తీరాలి. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు వివరించిన అమరిక, అంటే అయస్కాంతం, దాని సందులో తీగచుట్ట, చుట్టకు అతికించిన కాగితపు శంకువు, నేటికీ మూలంలో అదే. చిన్నతనంలో పాడైన రేడియోలోంచి ఊడదీసిన స్పీకరును చేత్తో పట్టుకుని పాట పెట్టాను. కీచుమని పలికింది తప్ప మంద్రం అన్నదే లేదు. పెద్ద అట్టకు గుండ్రంగా కన్నం చేసి, దాని వెనక స్పీకరును అదిమి పట్టగానే మృదంగం ఒక్కసారిగా గదిలోకి వచ్చింది. శంకువు ముందుకు నెట్టిన గాలి, వెనక ఏర్పడిన లోటులోకి అంచు చుట్టూ జారిపోతుంటే మంద్రస్వరాలు తమను తామే రద్దు చేసుకుంటాయి. అట్ట ఆ దారిని మూసింది. ఈ ప్రయోగం మీరు తప్పక చేయండి.

స్పీకరుకు పెట్టె ఉండేది అందుకే. అయితే మూసిన పెట్టెలోని గాలి స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. 1954లో ఎడ్గర్ విల్చర్ ఆ గాలి స్ప్రింగునే పనిలో పెట్టి, చిన్న పెట్టెలోంచి లోతైన మంద్రం రాబట్టాడు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, ఆ తరువాత రిచర్డ్ స్మాల్, స్పీకరు మీద తీసిన కొన్ని కొలతలతోనే దానికి తగిన పెట్టెను కాగితం మీద లెక్కకట్టే విధానం చూపారు. అంతవరకూ చాలామటుకు వడ్రంగి ఓర్పు మీద నడిచిన పని అది. నా దృష్టిలో ఈ విద్యలో అన్నిటికన్నా పెద్ద మేలు అదే.

అయినా గాలి రాజీపడదు. స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అంటే దాని కంపనాలు సగమైతే, అంతే గట్టిగా వినిపించడానికి శంకువు నాలుగింతల దూరం కదలాలి. ఫోనులో అంత చోటెక్కడిది? ఇక్కడ మళ్లీ చెవే ఆదుకుంటుంది. సెకనుకు 200, 300, 400 కంపనాల స్వరాలు కలిసి మోగితే, అందులో లేని 100 కంపనాల శ్రుతి మనకు వినిపిస్తుంది. పాతకాలపు టెలిఫోను 300కు దిగువన ఉన్న కంపనాలను మోసేదే కాదు, అయినా అవతల మాట్లాడుతున్నది నేనేనని గొంతును బట్టి మీ నాన్న పోల్చుకునేవాడు. చిన్న స్పీకర్లలో కొన్నిటికి ఇప్పుడు ఇంజనీర్లు ఆ పైస్వరాలను కావాలనే కలిపి ఇస్తున్నారు. మంద్రాన్ని మీ చెవి పూరించుకుంటోంది.

ఇట్లు,
మీ తాతయ్య